సిడ్నీ నుంచి శాంటియాగోకి ఎన్ని గంటలు?

సుమంత్ నోట దుర్గాశ్రీ పేరు ఆ వారంలో పదకొండోసారి వచ్చింది. కన్యక లెక్కపెడుతూనే ఉంది.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఓ ట్రావెల్స్ ఆఫీసులో విమానం టికెట్లు బుక్ చేస్తుంది కన్యక. కువైట్, మస్కట్ వెళ్ళేవాళ్ళతో కౌంటరు ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. బాబాయి టికెట్ కోసం ఒకసారి వచ్చిన సుమంత్, కొవ్వూరులో ఫిజిక్స్ లెక్చరర్, మూడు నెలలుగా ఏదో వంకతో సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు. ఆ రాకలు తన కోసమేనని మురిసిపోయింది కన్యక, మధ్యలో దుర్గాశ్రీ ఊడిపడేదాకా.

భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని యూట్యూబ్‌లో వాదిస్తుంది దుర్గాశ్రీ. సుమంత్ కామెంట్ పెట్టాడు. ఆవిడ జవాబిచ్చింది. కామెంట్లు కాస్తా ఫోన్లయ్యాయి. ఆదివారం కాలేజీ హాల్లో ఇద్దరికీ డిబేట్.

"ఆవిడ బుర్ర పాదరసమండీ," అన్నాడు సుమంత్.

"జడ కూడా బాగా పొడవు," అంది కన్యక, స్టేప్లర్‌ని బల్లకేసి గట్టిగా నొక్కుతూ.

"వీడియోలు చూశారా?"

"నలభై రెండు చూశాను. అన్నిట్లోనూ కొత్త చీరే."

అతను నవ్వి, ఫోన్‌లో ఓ మ్యాపు చూపించాడు. "వాళ్ళ మ్యాపులో ఉత్తర ధ్రువం మధ్యలో ఉంటుంది. కింది దేశాలన్నీ అంచుల్లో ఎక్కడికక్కడ విసిరేసినట్టుంటాయి. ఆ లెక్కన సిడ్నీ నుంచి శాంటియాగోకి పాతిక వేల కిలోమీటర్లు. విమానమేమో గంటకి తొమ్మిదొందలు దాటదు. నాన్‌స్టాప్ ఫ్లైట్‌కి నిజంగా ఎన్ని గంటలో మీ లెటర్‌హెడ్ మీద రాసిస్తే, స్టేజీ మీద ఆవిడకే చదివి వినిపిస్తాను."

అంతలో అతని ఫోన్ మోగింది. "చెప్పండి దుర్గాశ్రీ గారూ!" అంటూ నవ్వుకుంటూ పక్కకి వెళ్ళాడు.

ఆ నవ్వు కన్యక గుండెల్లో కారం చల్లింది.

స్క్రీన్ మీద నాన్‌స్టాప్ పన్నెండున్నర గంటలని ఉంది. దాని కిందే, లాస్ ఏంజెలెస్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేది ఇరవై ఎనిమిది. కన్యక నాన్‌స్టాప్‌కి ఇరవై ఎనిమిది గంటలని రాసి, స్టాంపు గుద్ది, మడిచి ఇచ్చింది. బస్సు తొందరలో అతను విప్పి చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. కన్యక చివరి వరసలో కూర్చుంది. సుమంత్ లెక్కంతా చెప్పి, ఠీవిగా కాగితం విప్పి చదివాడు. "నాన్‌స్టాప్... ఇరవై ఎనిమిది గంటలు."

అతని మొహం పాలిపోయింది.

దుర్గాశ్రీ మైకు అందుకుంది. "పాతిక వేల కిలోమీటర్లు, ఇరవై ఎనిమిది గంటలు. గంటకి తొమ్మిదొందలే! నా మ్యాపు కరెక్టని సార్ గారే నిరూపించారండి!"

హాలంతా ఈలలు. ఎవరో "కాగితం తప్పేమో సార్!" అని అరిచారు.

"కన్యక గారు రాసిచ్చారు. తప్పుండదు. నేనే ఎక్కడో పొరపడ్డాను," అన్నాడు సుమంత్.

కన్యక ఇక కూర్చోలేకపోయింది.

"తప్పు కాగితంలోనే ఉందండి!" లేచి నిలబడి అరిచింది. "నాన్‌స్టాప్ పన్నెండున్నర గంటలే. నేను కావాలనే తప్పు రాశాను."

"ఎందుకండీ?" అంది దుర్గాశ్రీ వింతగా చూస్తూ.

"మీరంటే నాకు కుళ్ళు కాబట్టి!"

హాలంతా గొల్లున నవ్వింది. చెవులు ఎర్రబడుతున్నా కన్యక నేరుగా స్టేజీ ఎక్కి, బుకింగ్ పేజీ తెరిచిన ఫోన్‌ని దుర్గాశ్రీ చేతిలో పెట్టింది.

"చూసుకోండి. మీ పాతిక వేలని పన్నెండున్నరతో భాగిస్తే గంటకి రెండు వేలు. నాలుగేళ్ళుగా టికెట్లు అమ్ముతున్నాను. రెండు వేల స్పీడుతో పోయే విమానంలో ఇంతవరకు ఒక్క సీటూ అమ్మలేదు."

దుర్గాశ్రీ పేజీ పైకీ కిందికీ జరిపి చూసింది.

"దీనికి నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు," అంది చివరికి. వెళ్ళబోతూ గొంతు తగ్గించి, "మీరు కుళ్ళుకోవాల్సిన పని కూడా లేదు. ఆయన ఫోన్ చేస్తే సగం మీ ఆఫీసు కబుర్లే," అంది.

బయట వాన మొదలైంది. వరండాలో సుమంత్ ఒక్కడే ఉన్నాడు.

"సారీ అండి. అందరి ముందూ మీ పరువు తీశాను."

"తీశారు," అన్నాడు అతను, వానకేసి చూస్తూనే. "కోపంగానే ఉంది. మీరు రాశారని కనీసం విప్పి కూడా చూడలేదు."

కన్యక కళ్ళు చెమర్చాయి. "ఇంకెప్పుడూ అలా చెయ్యను."

కాసేపటికి అతనే ఇటు తిరిగాడు. "విమానం టైములు నా ఫోన్‌లోనూ దొరుకుతాయి కదండీ. రోజూ గోదావరి బ్రిడ్జి దాటి మీ కౌంటరు దాకా ఎందుకొస్తున్నానో ఒక్కసారైనా ఆలోచించారా?"

"ఆలోచించాను. కానీ ఆవిడతో ఆ నవ్వేంటి మరి?"

"అంటార్కిటికా అంటే భూమి చుట్టూ కట్టిన మంచు గోడ అంటుంటే నవ్వక ఏం చెయ్యమంటారు?"

ఆమెకీ నవ్వాగలేదు. వాన జల్లు కొడుతుంటే ఇద్దరూ గోడ వైపు జరిగారు.

"వచ్చే ఆదివారం మా అమ్మానాన్నల్ని మీ ఇంటికి తీసుకురావచ్చా?" అన్నాడు సుమంత్ మెల్లగా.

"తీసుకురండి. కానీ ఓ షరతు."

"చెప్పండి."

"దుర్గాశ్రీ నంబరు నాకివ్వండి. ఇకనుంచి ఆవిడతో డిబేట్లు నేను చేస్తాను."