గోధుమరంగు పేజీ

మధ్యాహ్నం వాన పడుతోంది. షాపులో వాచీ నూనె వాసన, గోడ మీది గడియారాల టిక్కుటిక్కు. కంటికి భూతద్దం తగిలించుకుని ఒక చేతి గడియారం విప్పుతున్నాను. పక్కన మా ఆడపడుచు లాప్‌టాప్ ముందు కూర్చుంది. వెబ్‌సైట్లు తయారుచెయ్యడం ఆమె వృత్తి.

మా సైట్ మొదట చేయించింది మా ఆయన. ముదురు గోధుమరంగు పేజీ, పైన ఆయన ఫొటో, దాని కింద 'గడియారాల నిపుణుడు' అని బారెడు అక్షరాలు. ఆయన జన్మలో ఒక్క స్క్రూ విప్పిన మనిషి కాదు. విప్పేదీ నేనే, బిగించేదీ నేనే. పేజీలో మాత్రం ఎక్కడో అడుగున, 'సహాయకురాలు' అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేదాన్ని. నోరెత్తితే "నీకేం తెలుసు, ఊరుకో" అనేవాడు. ఊరుకునేదాన్ని. ఎవరేది అడిగినా ముందు ఆయన వైపు చూసేదాన్ని.

ఆయన పోయాక ఆడపడుచే అంది, "వదినా, ఇక నీ పేరు పెడదాం" అని. తెల్లటి పేజీ చేసింది. పైన నా పేరు, పని చేస్తున్న నా చేతుల ఫొటో. చూసి కడుపు నిండిపోయింది.

మర్నాటికి ఆ తెలుపు కాస్త మాసినట్టు కనిపించింది. ఆ పై రోజుకి టీ ఒలికిన గుడ్డలా అయింది. ఆడపడుచు సరిచేసింది, పాస్‌వర్డ్ మార్చింది. వారం తిరక్కుండా పేజీ మళ్ళీ గోధుమరంగుకి దిగింది. "ఎవరో ఆకతాయి పనిలే" అంది గానీ, నా మొహం చూడకుండా అంది.

ఇదిగో, ఈ వాన మధ్యాహ్నం మళ్ళీ సరిచేస్తూ, ఉన్నట్టుండి ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"వదినా..." గుసగుసలాడింది. "అన్నయ్య ఫొటో వచ్చింది."

"తీసెయ్."

"పాతది కాదు. ఇలా వచ్చి చూడు."

భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని, ఆమె పక్కన వంగి చూశాను. ఫొటోలో మా షాపే. గోడకి నీలం రంగు. ఆయన పోయాక నేను వేయించిన రంగు అది. ఇద్దరు ఆడవాళ్ళు లాప్‌టాప్ మీదికి వంగి ఉన్నారు. ఒకామె నుదుటి మీద భూతద్దం...

వాళ్ళ వెనక ఆయన. చెయ్యి నా భుజానికి జానెడు దూరంలో ఉంది.

గడియారాల చప్పుడు లేదు. వాన చప్పుడూ లేదు. ఆయన కాల్చే సిగరెట్టు వాసన... మెడ వెనక నుంచి.

"సైటే మూసేద్దాం వదినా," ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. "అన్నయ్యకి ఇష్టం లేదు."

భుజం చల్లబడుతోంది. ఆ చల్లదనంలోనే ఒళ్ళు మండింది.

"బతికున్నన్నాళ్ళూ ఆయన ఇష్టమే సాగింది. చచ్చాక కూడానా?"

వెనక్కి తిరగలేదు. లాప్‌టాప్ నా వైపు లాక్కున్నాను. ఫొటో తీసెయ్యలేదు. గోరంత చేసి పేజీ అడుగుకి తోశాను. దాని కింద టైపు చేశాను: 'సహాయకుడు'.

వెనక ఎవరో పళ్ళు కొరికిన చప్పుడు.

"ఉంటే ఉండు," అన్నాను పైకే. "ఇక్కడ పని చేసేవాళ్ళకే చోటు."

కాసేపటికి వాన చప్పుడు వినిపించింది. పేజీ తెల్లబడింది. ఆ తర్వాత రంగు మారలేదు.

మొన్న సోమవారం ఒక పెద్దాయన వాచీ తీసుకోవడానికి వచ్చాడు. "నిన్న కూడా వచ్చానమ్మా. మీ సైట్లో అడుగున ఫొటో ఉందే, ఆ సహాయకుడే తలుపు తీశాడు. మీరూ ఉన్నారు గానీ, పలకరిస్తే పలకలేదు."

"నిన్న ఆదివారమండీ. షాపు తియ్యలేదు. తాళం నా దగ్గరే ఉంది."

పెద్దాయన నన్ను తేరిపార చూశాడు.

"మీరేనమ్మా. ఇదే మొహం. కాకపోతే... నేనేది అడిగినా, ఆవిడ ముందు అతని వైపు చూసేది."

వచ్చే ఆదివారం షాపుకి వెళ్తాను. ఆయనతో నాకు పని లేదు. ఆవిడతో మాట్లాడాలి.