చిరిగిన చివరి అధ్యాయం

డర్బన్ హార్బర్‌లో కస్టమ్స్ ఆఫీసర్ శవం తేలింది. మెడకి లంగరు తాడు మూడు చుట్లు బిగించి ఉంది. కళ్లు చేపలు తినేశాయి.

అది 1994 ఏప్రిల్ 25. దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లకీ ఓటున్న తొలి ఎన్నికలకి సరిగ్గా రెండు రోజులు.

గంట తిరక్కుండా సీక్రెట్ సెక్షన్ చీఫ్ హేజెల్ ఒక పుస్తకాన్ని టేబుల్ మీదకి విసిరింది. ఎదురుగా ఏజెంట్ సగ్రెన్ ఉన్నాడు. వయసు ముప్ఫై ఎనిమిది, వంటిమీద మూడు తూటా మచ్చలు. పుస్తకం అట్టమీద రెక్కల గుర్రం, దాని కింద నెత్తురోడుతున్న మంత్రదండం. పద్నాలుగేళ్ల పిల్లలు చదివే నవల.

మంత్రవిద్య నేర్పే కోటలో ఎవరో ఒక్కొక్కరినే చంపుతుంటారని, హంతకుణ్ని ఇద్దరు విద్యార్థులు పట్టుకుంటారని ఆమె క్లుప్తంగా చెప్పింది. నవల్లో మొదటి శవం ద్వారపాలకుడిది. వీణ తీగతో గొంతు కోస్తారు. పోయినవారం ఒక చక్కెర మిల్లు వాచ్‌మన్ అచ్చం అలాగే చచ్చాడు. రెండో శవం పడవవాడిది, లంగరు తాడుతో. ఈ ఎన్నికలు చెడగొట్టాలనుకునే విదేశాల్లోని పెద్దలు ఫోన్‌లో అధ్యాయం పేరు చెబితే చాలు, ఇక్కడ కిరాయి సైనికుల ముఠా ఆ హత్యని దించేస్తుంది. ఫోన్ వింటున్నవాళ్లకి ముక్క అర్థం కాదు.

"రాత్రి వచ్చిన ఆర్డర్ ఇదీ," అంది హేజెల్. "చివరి అధ్యాయం, బుధవారం."

చచ్చిన ఆఫీసర్ ఈ నవలని ఒక విదేశీ ప్రయాణికుడి పెట్టెలో పట్టుకున్నాడు. ఆ ప్రయాణికుడు అప్పటికే చివరి అధ్యాయం చింపేశాడు. ఇంకో కాపీ లండన్ నుంచి రావాలంటే వారం పడుతుంది. బుధవారమంటే పోలింగ్. దెబ్బ ఏదో ఒక క్యూ మీద పడుతుంది. ఎక్కడో తెలీదు. డర్బన్‌కి ఉత్తరాన డార్నల్ ఊళ్లో సగ్రెన్ తల్లి వల్లీ అలాంటి క్యూలోనే నిలబడబోతోంది. డెబ్భై ఏళ్లకి ఆమె వేయబోయే అసలైన మొదటి ఓటు అది.

ముఠా నాయకుడు లయొనెల్ దగ్గర పూర్తి కాపీ ఉంది. అది చూడాలి. అక్కడ సాయం చేసేది కష్మీరా, డర్బన్ శివారు ఖర్వాస్తాన్ పిల్ల. ఎర్ర గౌను, ఎత్తుమడమల జోడు, రెండువైపులా జీతం. ఆమెని నమ్మవద్దని హేజెల్ రెండుసార్లు చెప్పింది.

*

బుధవారం పదకొండుకి, చెరకు తోటల మధ్య ఒక ఫార్మ్‌హౌస్. సగ్రెన్ ఇప్పుడు మారిషస్ నుంచి వచ్చిన తుపాకుల వ్యాపారి. రంగేసిన జుట్టు, మెడలో వెండి సిలువ. బయట లయొనెల్ కొత్త రైఫిల్‌తో సీసాలు పేలుస్తున్నాడు.

కష్మీరా సిగరెట్‌కి నిప్పు అడిగింది. అగ్గిపుల్లలు తడిశాయన్నాడు సగ్రెన్. కోడ్ సరిపోయింది. ఆమె పడగ్గది తలుపు తెరిచి, అయిదు నిమిషాలే టైమ్ అని చెప్పి వరండాలోకి పోయింది.

నవల మంచం మీదే ఉంది. జేబులో లైటర్ కెమెరా ఉంది. చేయవలసిన పని చివరి అధ్యాయాన్ని ఫొటో తీసుకుని జారుకోవడం. కానీ మన ఏజెంట్ సోమవారమే చింపగా మిగిలిన అధ్యాయాలన్నీ ఒక్క బిగిన చదివేశాడు. హంతకుడు లైబ్రేరియనే అని పందెం కాసేంత నమ్మకం కుదిరింది. చివరి అధ్యాయం మొదటి పేజీలోనే ఆ లైబ్రేరియనే చచ్చి పడి ఉండేసరికి కెమెరా సంగతి మరిచి చదవడం మొదలెట్టాడు. వచ్చిన పని గాలికి పోయింది.

బూట్ల చప్పుడైంది. కంగారులో పుస్తకం జారి కిందపడింది, దానిమీద అతని బూటు పడింది. వంగి పుస్తకాన్ని తాకి కళ్లకద్దుకున్నాడు. అయిదేళ్లప్పుడు తల్లి వీపు పగలగొట్టి నేర్పిన అలవాటు. చెయ్యి ఎవరినీ అడగలేదు.

గుమ్మంలో లయొనెల్ నిలబడి ఉన్నాడు.

"మారిషస్ కాథలిక్కులు పుస్తకానికి దణ్ణం పెట్టరు," అన్నాడు. "నా డ్రైవర్ పెడతాడు. వాడు అవోకా హిందువు."

రైఫిల్ పేలింది. సగ్రెన్ ఎడమ భుజంలో మాంసం ఎగిరిపోయింది. పడుతూనే అద్దం బద్దలుకొట్టి, చేతికందిన పెంకుని లయొనెల్ గొంతులో దించాడు. వేడి నెత్తురు ముఖాన చిమ్మింది. లయొనెల్ బొటనవేళ్లు సగ్రెన్ కళ్లలోకి దిగుతున్నాయి. సగ్రెన్ పెంకుని తిప్పాడు. ఎముక తగిలేదాకా తిప్పాడు. వేళ్లు సడలాయి.

గార్డు స్టెన్‌గన్‌తో దూసుకొచ్చాడు. వెనకనుంచి కష్మీరా కాల్చింది. వాడు చస్తూ చస్తూ ట్రిగ్గర్ నొక్కాడు. ఆమె పొట్ట చీలిపోయింది. సగ్రెన్ పాకుతూ వెళ్లి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. నవల నెత్తుటి మడుగులో తడిసి ముద్దయింది, పేజీలు విడిరావడంలేదు.

"నేను చదివాను," అంది కష్మీరా. "రాజమాత విందు. అందరూ ఆకలితో వరసలో ఉంటారు. కొప్పెర మూత ఎత్తగానే అందరూ బూడిద. డార్నల్ స్కూలని ఇందాకే విన్నాను, సగ్రెన్. పన్నెండింటికి. బిర్యానీ పాట్."

ఏ వైపు పనిచేశానో హేజెల్‌కి చెప్పమంది. అంతే. ఆమెని నమ్మనందుకు సగ్రెన్‌కి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏడవడానికి టైమ్ లేదు. కారెక్కి, రేడియో వాచీలో హేజెల్‌ని బాంబ్ స్క్వాడ్ పంపమన్నాడు.

*

డార్నల్ స్కూలు చుట్టూ తిరిగి, రోడ్డెక్కి, చెరకు తోటలదాకా సాగింది క్యూ. చెట్టు నీడన ఓటర్ల కోసం వండిన నాలుగు బిర్యానీ పాట్‌లు. మూతలకి పిండి మెత్తి మూసేశారు. కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టేదాకా ఎవరూ మూత కదపరు, లోపల ఏముందో చూడరు. ఆ తర్వాత అందరిలోకి పెద్దావిడ పిండి కోసి మొదటి మూత తీస్తుంది. అందుకోసం వల్లీని క్యూలోంచి పిలుచుకొచ్చారు.

సగ్రెన్ కారు దిగేసరికి కర్పూరం ఆరిపోతోంది. మొదటి పాట్ మీద అరచెయ్యి పెట్టాడు. కాలింది. రెండోది కాలింది. నాలుగోదీ కాలింది. మూడోది చల్లగా ఉంది. దాని చుట్టూ తల్లి కత్తి ముప్పాతిక వంతు తిరిగేసింది. మిగిలిన పిండి పగిలి, మూత తనంతట తనే లేస్తోంది. కింద స్ప్రింగ్ మెరిసింది.

సగ్రెన్ ఎగిరి మూతమీద కూర్చున్నాడు. స్ప్రింగ్ అణిగింది.

"ఒరే సగ్రెనూ, అన్నం మీద కూకుంటావా?" అంది వల్లీ, కత్తి ఎత్తి. "బుద్ధుందా? యు మ్యాడ్ ఆర్ వాట్?"

అది అన్నం కాదని మెల్లగా చెప్పాడు. అప్పుడు చూసింది ఆమె, అతని భుజంనుంచి నెత్తురు పాట్ మీదకి కారడం. మిగతా ఆడవాళ్లు పరుగెత్తి జనాన్ని గ్రౌండ్ అవతలికి తోలారు. క్యూ క్యూలాగే కదిలి వెళ్లింది. ఒక్కరూ తమ చోటు వదలలేదు. బాంబ్ స్క్వాడ్ డర్బన్‌లో బయల్దేరిందని రేడియో వాచీలో హేజెల్ చెప్పింది.

వల్లీ చీర చెంగు చింపి కొడుకు భుజం గట్టిగా కట్టింది. తానూ అతని పక్కనే ఉంటానంది. సగ్రెన్ ఒప్పుకోలేదు. ఇద్దరు మనుషుల్ని, ఒక పిల్లని వాళ్లు చంపింది నువ్వు ఓటు వేయకూడదనే, వెళ్లమ్మా అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, కొడుకు ముఖం కూడా తుడిచింది.

"కదలకు," అంది. "ఓటేసి వచ్చేస్తా."

క్యూ ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది.