తగ్గించమ్మా

ఏసీ మెకానిక్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. భుజం మీద నిచ్చెన, చేతిలో పనిముట్ల సంచి. కొత్త ఏసీ పెట్టె పొద్దున్నే వచ్చి హాల్లో గోడకి ఆనుకుని ఉంది.

"పాతది ఎన్నేళ్ల నాటిదక్కా?"

"పద్నాలుగు."

"అమ్మో! నా పెళ్లికంటే ముందుది. నా కాపురంలోలాగే దీనికీ శబ్దమెక్కువ, చల్లదనం తక్కువ అయ్యుంటుంది."

నేను నవ్వలేదు. అతనే కాసేపు నవ్వుకుని ఊరుకున్నాడు.

అది మా అమ్మాయి గది. పిట్ట అని పిలిచేవాళ్లం. ఎనిమిది నెలలుగా తలుపు వేసే ఉంది. మా అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి తెస్తే ఉంచడానికి ఇంట్లో ఇంకో గది లేదు. పాత ఏసీ గడగడలాడుతుంది, గోడ వెంట నీళ్లు కారతాయి, మార్చేద్దాం అన్నారు మా ఆయన. సరే అన్నాను. ఆయన స్కూలుకి వెళ్లిపోయారు. తలుపు తీయడం నా వంతైంది.

లోపల పట్టపగలే చీకటి. కర్టెన్లు తీయడానికి నాకు చెయ్యి రాలేదు. మూసిపెట్టిన గది వాసన. దాని అడుగున సన్నగా, ఛాతీకి రాసే మందు వాసన. ఇన్ని నెలలైనా పోలేదు.

అతను నిచ్చెనెక్కి మూత తీసి టార్చి వేశాడు.

"లోపల చక్రానికి వెంట్రుకలు చుట్టుకున్నాయక్కా. ఇంత పొడుగువి! అమ్మాయివా?"

"అవును."

"హాస్టల్లో ఉందా?"

"లేదు."

"పెళ్లి చేసేశారా?"

"లేదు."

అతను నా వంక చూశాడు. మంచం వంక చూశాడు. ముడత లేకుండా పరిచిన దుప్పటి వంక చూశాడు. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. గొంతు మార్చి, పని సంగతి చెప్పాడు.

"విప్పేముందు దీన్ని కాసేపు నడపాలక్కా. ఈ గొట్టాల్లో ఉన్న గ్యాసంతా బయటి యూనిట్‌లోకి లాగేసి, వాల్వు బిగించి అక్కడే తాళం వేసేస్తాం. నేను వెనక బాల్కనీలో ఉంటాను. మీరు రిమోట్ పట్టుకుని ఇక్కడ ఉండండి. పద్దెనిమిదిలో పెట్టండి. నేను ఆపమనేదాకా కదిలించొద్దు."

పద్దెనిమిది.

నా చేత్తోనే పెట్టాను.

ఆ నంబరు గురించి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఏసీ తగ్గించు అంటే రెండు అర్థాలు. మా ఆయనకి నంబరు తగ్గించడం. పిట్టకి చలి తగ్గించడం. రోజూ ఇదే గొడవ. "నాన్నా, లెక్కల మాస్టారివి కాబట్టి నీకు అంకెలే కనిపిస్తాయి. ఇక్కడొక మనిషి గడ్డకట్టిపోతోంది" అనేది. "నువ్వు పెంచు అనాలే మొద్దూ!" అనేవారు ఆయన. రిమోట్ నా చేతిలో ఉండేది. అడిగింది ఎవరో చూసుకుని నొక్కేదాన్ని. ఎప్పుడూ పొరపాటు పడలేదు.

ఒక్కసారి తప్ప.

ఆ రాత్రి దానికి నూట మూడు జ్వరం. కళ్లు తెరవకుండానే "తగ్గించమ్మా" అంది. ఒళ్లు కాలిపోతోంది కదా, ఉడికిపోతోందేమో అనుకున్నాను. ఇరవై ఆరులో ఉన్నదాన్ని పద్దెనిమిదికి తెచ్చాను. కప్పిన దుప్పటి కాళ్లదాకా కిందికి లాగేశాను. తలుపు దగ్గరగా వేసి వెళ్లి పడుకున్నాను. పొద్దున్నే వచ్చి నుదురు ముట్టుకున్నాను.

ఊపిరితిత్తులు ముందే పాడైపోయాయి, మన చేతిలో ఏమీ లేదు అన్నారు డాక్టరు. ఆయనకి నేను నంబరు సంగతి చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు.

ఏసీ గడగడమని మొదలైంది. బాల్కనీలో పనిముట్ల చప్పుడు. గదిలో చలి మెల్లగా దిగింది... ముందు పాదాలకి, తర్వాత మోకాళ్లకి. మందు వాసన ఎక్కువైంది. ఇప్పుడే సీసా మూత తీసినట్టు.

అప్పుడు మంచం కిర్రుమంది.

పక్క మీద ఎవరైనా ఒత్తిగిలితే వచ్చే చప్పుడు. దుప్పటి చూశాను. ముడత లేదు. మళ్లీ చూశాను. మధ్యలో చిన్న గుంట...

"తగ్గించమ్మా..."

గొంతు ఎండిపోయి ఉంది. దాహంగా. కానీ దానిదే.

రిమోట్ రెండు చేతుల్తో పట్టుకున్నాను.

"అమ్మా... తగ్గించూ..."

వేలు దానంతటదే నొక్కింది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై అయిదు. ముప్ఫై దాకా నొక్కుతూనే ఉన్నాను. ముప్ఫై దాటి లేదు. బయట మోటారు ఆగిపోయింది. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, మంచం దగ్గర, పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు. నెమ్మదించింది... ఆగింది.

"అయ్యో, ఏంటక్కా ఆపేశారు!" బాల్కనీ నుంచి మెకానిక్ అరుపు. "సగమే వచ్చింది! పద్దెనిమిదిలో పెట్టండి, తొందరగా!"

మంచం మళ్లీ కిర్రుమంది. ఈసారి లేచి కూర్చున్నట్టు.

"అమ్మా..."

నా వైపు తిరిగి పిలిచినట్టుంది. ఎనిమిది నెలలుగా ఈ ఒక్క పిలుపు కోసం దేవుణ్ణి తిట్టాను, బతిమాలాను. ఇప్పుడు పిలిస్తే... భయమేసింది. నా కూతురంటే నాకు భయమేసింది. పోయిందేదో పోయింది, ఈ చప్పుడు ఆగితే చాలనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ జరిగింది ఇదే.

పద్దెనిమిది నొక్కాను.

మోటారు వెంటనే మొదలవదు. రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతసేపూ అది ఏమీ అనలేదు. చిన్నప్పుడు నేను కోప్పడితే ఇలాగే, మాట్లాడకుండా కూర్చునేది.

మోటారు గుర్రుమంది.

మంచం మీద గుంట లేదు. గోడ దగ్గర... గోళ్లతో గీకుతున్నట్టు. తర్వాత ఏసీ లోపల. తర్వాత గొట్టం పోయే కంతలో. "అమ్మా" అనే మాట సన్నబడుతూ, సాగుతూ, బయటివైపు పోయింది.

"చాలు, ఆపండక్కా! మొత్తం వచ్చేసింది. తాళం వేసేశా."

సాయంత్రానికి కొత్త ఏసీ బిగించాడు. పాతది తోపుడుబండి మీద తీసుకుపోయాడు. మర్నాడు అత్తగారు వచ్చారు. గది హాయిగా ఉందే అమ్మాయ్ అన్నారు. నిజమే. మందు వాసన కూడా లేదు.

మూడో రోజు అతను ఫోన్ చేశాడు. గుసగుసగా మాట్లాడాడు.

"అక్కా, మీకెందుకు చేస్తున్నానో నాకే తెలియట్లేదు. పొద్దున షాపులో మీ పాత యూనిట్ తాళం విప్పాను, గ్యాస్ తీసేద్దామని. అయిదు నిమిషాల్లో అయిపోవాలి. పొద్దుట్నుంచీ వస్తూనే ఉంది. మంచులా రావాలి కదా... వెచ్చగా వస్తోంది. చెయ్యి పెడితే కాలుతోంది."

ఫోన్ పట్టుకుని వెనక బాల్కనీలోకి వెళ్లాను.

"ఒకే ధారగా కూడా రావట్లేదక్కా. వస్తుంది... ఆగుతుంది... మళ్లీ వస్తుంది. మళ్లీ తాళం వేసేయనా?"

"వద్దు," అన్నాను. "ఫోన్ దాని దగ్గర పెట్టు నాయనా."

పెట్టాడు. విన్నాను. సన్నగా, ఆయాసంగా. చెవిలో ఊదినట్టు. నేను "పిట్టా" అనగానే ఆగిపోయింది. ఆలకిస్తున్నట్టు.

అప్పుడు తోచింది. నంబరు కాదేమో. చలి కూడా కాదేమో. నూట మూడు జ్వరంతో ఉన్న పిల్ల, తల్లిని ఇంకేం తగ్గించమంటుంది?

"తగ్గిందా తల్లీ?" అని అడిగాను. "జ్వరం తగ్గిందా?"

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత మెకానిక్ గొంతు.

"అక్కా... చల్లబడిపోయింది."