కునుకు మిద్దెలో పోయిన మాటలు

జమ్మలమడుగు బస్టాండు వెనక, మగ్గాల వీధి చివర ఒక పాత మట్టి మిద్దె ఉంది. దాన్ని కునుకు మిద్దె అంటారు. పేరు ముద్దుగానే ఉంటుంది గానీ, చీకటి పడితే ఆ పక్కకు ఎవరూ పోరు.

ఏ కాలంలోనో ఒక ముసలామె అక్కడ గోడకు ఆనుకుని కునుకు తీసి, మళ్ళీ లేవలేదట. అప్పట్నుంచి ఆ ఇంట్లోకి పోయినదేదీ మెలకువగా ఉండదని చెప్పుకుంటారు. పత్తి మూటలకు కాపలా పెట్టిన మనిషి నాలుగో రోజే పని మానేశాడు. గోడకు కొత్త గడియారం తగిలిస్తే తెల్లారేసరికి ఆగిపోయింది. అందులో వేసిన సెల్లు పాతదేమోనని మాత్రం ఒక్కరూ అనలేదు!

అలాంటి ఇంటికి, పోయిన కార్తీకంలో, ప్రొద్దుటూరు నుంచి సుకన్య ఒంటరిగా వచ్చింది. ఒక లాప్‌టాప్, ఒక మైకు, ఒక ఛార్జింగ్ లైటు... అంతే. బట్టల షాపుల వాళ్ళు ఆటోల్లో తిప్పే ప్రకటనలు రికార్డు చేయడం ఆమె పని. తోడు తెచ్చుకుందామంటే ఇంట్లో ఉన్నది అత్త నాగరత్నమ్మ ఒక్కతే. ఆమె మోకాళ్ళ నొప్పులతో గడప కూడా దాటలేదు.

ఆ రాత్రే ఎందుకంటే... అలీ అహ్మద్‌కు తెల్లారితే గొంతు ఉండదు.

ఇరవై ఆరేళ్ళుగా బస్టాండులో బస్సుల పేర్లు పలికే మనిషి ఆయన. ఆ గొంతు వినకుండా ఆ ఊళ్ళో బస్సెక్కినవాడు లేడు. గొంతులో గడ్డ లేచింది. పొద్దున ఆరు గంటలకు ఆపరేషన్‌కు తిరుపతి పోవాలి. స్వరపేటిక తీసేస్తామని డాక్టర్లు చెప్పేశారు. ఆయన కూతురు ఖమర్‌బీ వచ్చి, నాయన గొంతు రికార్డు చేసి పెట్టమని సుకన్య చేతులు పట్టుకుని అడిగింది. సుకన్య సరేనంది.

పగలంతా మగ్గాల చప్పుడు. రాత్రి ఎనిమిదికి అవి ఆగాయి. ఆ వీధిలో గోడలు మందంగా ఉండి, పత్తి మూటలతో గొంతు గింగురుమనకుండా ఉండే చోటు ఇదొక్కటే.

"మామా, కాగితంలో ఉండేది తప్ప ఒక్క మాట గూడా ఎక్కువ మాట్లాడొద్దు. గొంతు దాచుకో," అంది సుకన్య. ఆయన తలూపాడు.

మొదలుపెట్టారు. ఆయన ఒక్కో బస్సూ పలుకుతూ పోయాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి... ముద్దనూరు మీదుగా పులివెందుల, వేంపల్లె, గండి పోవు బస్సు..."

కాగితమంతా అయిపోయాక సుకన్య చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. పులివెందుల... వేంపల్లె... టక్! గండి లేదు. ఆంజనేయస్వామి ఉన్న ఊరే మాయమైంది.

రెండోసారి పలికించింది. ఈసారి గండి ఉంది... పులివెందుల లేదు. ఆ చోట ఏమీ లేదు. ఊపిరి కూడా లేదు.

ఖమర్‌బీ మొహం పాలిపోయింది. "అక్కా... ఈ ఇల్లు మాటల్ని గూడా నిద్రపుచ్చుతాండాది," అని గుసగుసగా అంది.

"ఊరుకో," అంది సుకన్య. అనడానికి అంది గానీ, ఆమె కళ్ళు ఒక్కో మూలనే వెతుకుతున్నాయి. వైరు చూసింది. మైకు చూసింది. ఆఖరికి ఖమర్‌బీ చేతుల వైపు కూడా అనుమానంగా చూసింది. పాపం ఆ పిల్ల ఏం చేస్తుంది!

అలీ అహ్మద్ దగ్గాడు. మూడు వేళ్ళు చూపించి, రెండు ముడిచాడు. ఇంకొక్కసారే... అంతకు మించి గొంతు రాదని.

సుకన్య ఫోను తీసి తమ్ముడు శ్రావణ్‌కు చేసింది. అతనికి పులివెందులలో కంప్యూటర్ షాపు.

అంతా విని అతను తాపీగా అన్నాడు. "నిద్రపోతాండాదక్కా."

సుకన్య చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. "ఎవురు రా?"

"ఎవురేంది? నీ లాప్‌టాపు! బ్యాటరీ మీద నడుపుతాండావా?"

"ఈడ కరెంటు యాడిది?"

"పవర్ సేవర్ పెట్టినావా?"

సుకన్య నాలుక కరుచుకుంది. పెట్టింది. ఫ్యాను చప్పుడు మైకులో పడకూడదని తానే పెట్టింది. షాపు ప్రకటనలు ముప్పై సెకన్లే కాబట్టి ఇన్నాళ్ళూ తేడా తెలియలేదు.

"ఆదా చేస్తానని అది మధ్యమధ్య కునుకు తీస్తాండాది. ఆ కునుకులో మాటలు పోతాండాయి. దాన్ని నిద్రపోనీకు. హై పర్ఫార్మెన్స్ పెట్టు. హార్డ్ డిస్కు ఎప్పుడు నిద్రపోవాల అని అడుగుతాది, ఎప్పుడూ వద్దను. యూఎస్‌బీకి గూడా నిద్ర తీసెయ్. వైఫై ఆపు. యాడనుంచైనా కరెంటు తెచ్చి ఛార్జర్ గుచ్చు."

సుకన్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. తన చేత్తో తానే మిషన్‌ను జోకొట్టింది.

పక్కింటి నుంచి పొడుగు వైరు లాగారు. అక్కడ ప్లగ్గు వదులు. చేత్తో అదిమి పట్టుకుంటేనే కరెంటు. ఖమర్‌బీ ఆ ఇంట్లో నిలబడి పట్టుకుంది. మిద్దెలో మిగిలింది ఇద్దరే. లాప్‌టాప్ ఫ్యాను గట్టిగా తిరుగుతుందని సుకన్య దాన్ని పత్తి మూటల చాటున, గోడ పక్కన పెట్టుకుని కూర్చుంది. లైటు అక్కడే. ఎదురుగా, దూరంగా, మైకు ముందు అలీ అహ్మద్.

ఆయన మొదలుపెట్టాడు. ఏం గొంతు అది! రేపు ఉండదని తెలిసి ఉన్నదంతా పోస్తున్నట్టు పలికాడు. ప్రొద్దుటూరు, చెన్నూరు మీదుగా కడప... పులివెందుల, వేంపల్లె, గండి... ఒక్క మాట జారలేదు. తెర మీది గీత ఎక్కడా తెగలేదు. చూస్తుంటే సుకన్యకు కళ్ళు చెమర్చాయి.

హెడ్‌ఫోన్లలో సన్నగా గుర్... గుర్... అని వినిపించింది. ఫ్యాను. పోనీలే అనుకుంది.

తొమ్మిది నిమిషాలు. ఆఖరి మాట కాగానే ఖమర్‌బీ "అబ్బాజాన్! అయిపోయిందా?" అని కేకేస్తూ లోపలికొచ్చింది. అలీ అహ్మద్ గబుక్కున పెదాల మీద వేలు పెట్టుకుని, సుకన్య ఉన్న వైపు చూపించాడు. రికార్డింగ్ ఆగలేదనుకున్నాడేమో! తర్వాత కూతురి భుజం పట్టుకుని, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

సుకన్య ఒక్కతే సామాన్లు సర్దుకుంది. ఎందుకో ఆవలింతలు ఆగలేదు.

రెండు నెలలయ్యాక బస్టాండు వాళ్ళు ఆ రికార్డింగ్ అడిగారు. చప్పుళ్ళు తీసి శుభ్రం చేయమని సుకన్య దాన్ని శ్రావణ్‌కు పంపింది. సాయంత్రం ఫోను వచ్చింది.

"మాటలన్నీ బాగుండాయి. ఆ గుర్రుమనేది మటుకు పోదక్కా. తీస్తే మామ గొంతు గూడా తెగుతాది."

"ఫ్యాను చప్పుడే గదరా. ఉండనీలే."

అవతల శ్రావణ్ ఆ ముక్క మళ్ళీ పెట్టి విన్నాడు.

"అక్కా... ఫ్యాను ఊపిరి తీసుకోదు."

మర్నాడే ఆమె జమ్మలమడుగు బస్సెక్కింది. దారంతా ఆలోచించింది. తానే కునుకు తీసిందా? తీసే ఉంటుంది. అలిసిపోయింది కదా... తీసే ఉండాలి.

అలీ అహ్మద్ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మెడకు గుడ్డ చుట్టి ఉంది. పక్కన పలక, బలపం. ఆమెను చూడగానే మొహమంతా నవ్వాడు.

"మామా, నిజం చెప్పు. ఆ పొద్దు నేను నిద్రపోయినానా? గురక పెట్టినానా?"

ఆయన అడ్డంగా తలూపాడు. పలక తీసుకుని నింపాదిగా రాశాడు.

"నువ్వు కాదు బిడ్డా. నీ పక్కన గోడకు ఆనుకొని మీ అత్త గావాల, ముసలామె నిద్రపోతాండె. రాత్రిపూట పెద్దామెను తోడు తెచ్చుకున్యావు, మంచిపని చేసినావు అనుకున్యా. ఎక్కువ మాట్లాడొద్దంటివి, అందుకే ఏం అనలేదు."

సుకన్య పలక మీది మాటలు మళ్ళీ చదివింది. ఆయన పలక తుడిచి, మర్యాదగా ఇంకొక ముక్క రాసి ఆమె వైపు తిప్పాడు.

"బాగుండాదా ఆమె?"