వెనకవాళ్ల సగం

విశాఖ జగదాంబ కూడలిలో మణికట్లన్నీ ఒక్కసారిగా చల్లబడ్డాయి. అంటే ఊరందరికీ మధ్యాహ్న భోజనం అయిపోయిందన్నమాట. చర్మం కింద అమర్చిన తృప్తిబిళ్ల రక్తంలోకి పోషకాలు వదిలి, "నిండింది" అని కడుపుకి కబురు పెడుతుంది. వంటిళ్లు పోయాయి, పొయ్యిలు పోయాయి, ఆకలి నిఘంటువులోకి ఎక్కి కూర్చుంది. నిజం చెప్పొద్దూ, అది మహాద్భుతమే. తిండిలేక పస్తున్న మనిషి ఆ ఊళ్లో ఒక్కడూ లేడు.

మరి పైడితల్లి హాట్‌డాగ్ బండి ఇంకా ఎందుకున్నట్టు? అది తేల్చడానికే పోషణ మండలి తనిఖీదారు సన్యాసిరావు వచ్చాడు. ఆకలి లేనిచోట పొయ్యి ఉండరాదని మండలి నియమం. తనిఖీ ముగిసేలోగా ఆకలిగొన్న మనిషి ఒక్కడైనా కనబడకపోతే అతను ఆ పొయ్యి ఆర్పించి సీలు వేయాలి.

కుర్చీ లేదు, బల్ల లేదు. రేకు కప్పు కింద ఒక పెనం, ఆవపచ్చడి సీసా, బన్నుల బుట్ట. నిప్పును అంత దగ్గరగా సన్యాసిరావు ఎన్నడూ చూడలేదు. సాసేజ్ చిటపటలాడుతుంటే, ఉల్లిపాయ ఎర్రబడుతుంటే, వచ్చిన పని మరిచి నోరు వెళ్లబెట్టాడు.

"నోట్లో ఈగలెల్తాయి బాబూ," అంది పైడితల్లి.

అతను సిగ్గుపడి, మెడలో వేలాడుతున్న ఆకలిసూచిని లైనులోకి వచ్చిన ఒక్కొక్కరి దగ్గరా పెట్టి చూశాడు. అందరికీ సున్నా. అయినా వస్తూనే ఉన్నారు. వచ్చి ఒక వింత పని చేస్తున్నారు. ఆమె బన్నును రెండు ముక్కలు చేసి ఇస్తే, కొన్నవాడు సగం తన వెనక నిలబడ్డవాడికి ఇచ్చి, ఆ తర్వాతే తన సగం కొరుకుతున్నాడు.

"ఇదేం పద్ధతమ్మా?"

"మా మామ్మ పెట్టింది బాబూ. పెద్ద తుఫానప్పుడు బన్నులు సాల్లేదు. వెనకోడి సేతిలో పడ్డాకే నీ నోట్లో పడాలంది. అప్పుట్నించీ అంతే."

"ఇప్పుడు కొరత లేదుగా. వీళ్లు ఎందుకొస్తున్నారు?"

"నాకేటి తెలుసు? ఆళ్లనే అడుగు."

అడిగితే ఒకాయన బుర్ర గోక్కుని, "ఏమో సార్, కాళ్లు లాక్కొస్తాయి," అన్నాడు.

లైను తరిగిపోయింది. చివరి మనిషి వెనక్కి చూసి, ఎవరూ లేకపోయేసరికి తన రెండో ముక్క సన్యాసిరావు చేతిలో పెట్టేసి వెళ్లిపోయాడు.

"పుచ్చుకున్నోడు ఇంకోడికి పెట్టాలి బాబూ," అంటూ పైడితల్లి అతని రెండో చేతిలో మరో సగం ఉంచింది. "మనిషొచ్చిందాకా తినకూడదు. ఆనక నా పొయ్యి ఆర్పుకుందువుగాని."

రోడ్డు ఖాళీగా ఉంది. వేడి ఆవిరి ముఖానికి తగులుతోంది. చేతులు రెండూ నిండుగా పెట్టుకుని అతను వచ్చేవాళ్ల కోసం ఎదురుచూశాడు. ఎవరూ రారే! ఉన్నట్టుండి నోట్లో నీళ్లూరాయి. కడుపులో ఏదో మెలిపెట్టింది.

"అమ్మా, నాకేదో అవుతోంది. బిళ్ల చెడిపోయిందేమో!"

"కడుపులో ఎలకలు పరిగెడతన్నాయా?"

"ఎలుకలా!"

పైడితల్లి పకపకా నవ్వింది. "ఆకలి బాబూ, అది ఆకలి."

అతను తల వంచి చూసుకున్నాడు. ఆకలిసూచి ముల్లు సున్నా దాటి పైకి లేస్తోంది. ఔరా! పూర్వం మనుషులందరూ రోజూ దీన్ని మోసుకునే తిరిగారా? దీనితోనే పనులు చేశారా, పాటలు పాడారా, పక్కవాడికి పెట్టారా?

చెవిలో మండలి గొంతు పలికింది. "తనిఖీ ముగిసిందా? ఆకలిగొన్నవాళ్లు?"

"ఒకరున్నారు."

"బిళ్ల సంఖ్య చెప్పండి."

అతను తన సంఖ్యే చెప్పాడు.

"ఆకలి ఉన్నవాళ్లు తనిఖీ ఉద్యోగానికి పనికిరారు. తెలుసు కదా?"

"తెలుసు. పొయ్యి మాత్రం ఉంటుంది."

పైడితల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని మంట పెంచింది.

అంతలో ట్రాము పట్టాలు శుభ్రం చేసే ఆవిడ ఒకరు చేతితొడుగులు విప్పుకుంటూ రోడ్డు దాటుతోంది. సన్యాసిరావు ఉండబట్టలేక గట్టిగా పిలిచాడు.

"అక్కా! తిన్నావా?"

ఒక తరం నుంచీ ఆ ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగని మాట అది. ఆవిడ ఠక్కున ఆగిపోయింది. చల్లగా ఉన్న తన మణికట్టు చూసుకుంది, అతని చేతిలోని ముక్క చూసింది.

"లేదు తమ్ముడూ," అని చెయ్యి చాపింది.