దారి తప్పించే దీపం

ఉదయం పదకొండింటికి దీపం ఓడ పాత కాపలాదారు శవమై రేవులో తేలాడు. మధ్యాహ్నానికల్లా ఆ ఓడ వంటింట్లో కొత్త పనిమనిషి చేరింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు ఏజెంట్ తల్లికోడి.

ఒకప్పుడు సముద్రం మధ్య నిలబడి ఓడలకు దారి చూపిన ఎర్ర ఓడ అది. రిటైరయ్యాక రేవు అవతల రాళ్ళ గట్టుకు కట్టేసి, నైట్‌క్లబ్బూ రెస్టారెంటూ పెట్టారు. పైనున్న పెద్ద దీపాన్ని మాత్రం అందానికి ఉంచేశారు.

"నాలుగింటికి మంచు కమ్ముతుంది," చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. "శత్రువులు రేవు దీపం ఆర్పేసి దీన్ని వెలిగిస్తారు. వచ్చే ఓడ ఇదే రేవనుకుని రాళ్ళకు కొట్టుకుంటుంది. కెప్టెన్‌తో రేడియో తెగిపోయింది. తొమ్మిది వందల మంది."

"అందులో మా అమ్మాయి ఒకతి, బాబాయ్. ఆ ఓడలో నర్సు." అంది తల్లికోడి, సూప్ కలుపుతూనే.

"నీకు దీపం గది తాళం తీసిచ్చేది ఈ క్లబ్బు గాయని. వాళ్ళ ముఠాలో మన మనిషి."

మూడూ యాభైకి తళుకుల గౌనులో గాయని ఎదురైంది.

"సూప్ చల్లారిందా?"

"చల్లారాకే రుచి," అంది తల్లికోడి, చేతిలో సూప్ గిన్నె, గరిటెతో.

కోడ్ సరిపోయింది. ఇద్దరూ ఇనుప మెట్లెక్కారు. దీపం గది తలుపు తెరుచుకుంది. గోడ మీద టైమర్ టిక్కుటిక్కుమంటోంది. ఇంకా ముప్పై సెకన్లు.

"కంగారుపడకు అక్కా. మీ అమ్మాయి క్షేమంగా దిగుతుంది."

తల్లికోడి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ మాట బాబాయ్‌తో తప్ప ఎవరితోనూ అనలేదు. అంటే వీళ్ళు మా రేడియో వింటున్నారు.

"నాకో అమ్మాయుందని నీకెవరు చెప్పారు, చెల్లీ?"

గాయని చేతిలో లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల సన్నని తుపాకీ గొట్టం. మరుక్షణం గరిటె ఆమె మణికట్టు మీద పడింది, సూప్ మొహాన పడింది. తుపాకీ మెట్ల మీదుగా దొర్లిపోయింది.

టైమర్‌లో ఇంకా ఐదు సెకన్లు. గుత్తులుగా తీగలు. ఎర్రదా, నల్లదా? తప్పు తీగ తెంపితే?

తల్లికోడి ఏ తీగా ముట్టుకోలేదు. గరిటె తిప్పి బల్బు పగలగొట్టింది. టైమర్ గంట కొట్టింది. దీపం వెలగలేదు.

కాసేపటికి ఇయర్‌పీస్ గరగరమంది. "ఓడతో రేడియో మళ్ళీ కలిసింది. దారి కనబడక కెప్టెన్ బయటే లంగరేశాడమ్మా. అందరూ క్షేమం. ఇక నిశ్చింతగా ఉండు."

ఆమె గాయని చేతులకు ఏప్రన్ తాడు బిగించి కట్టి, తడి గుడ్డతో మొహం తుడుచుకుంది.

"ఆ లంగరు గొలుసు ఎన్నేళ్ళ కిందటిది, బాబాయ్?"