గీత దాకా నీళ్లు

"ఆ గాజు పెట్టె ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది. ఇల్లంతా నీళ్లు పారతాయి. ఆ నీళ్లు ప్లగ్గులోకి పోతాయి. ప్లగ్గులోంచి కరెంటు నా కుట్టు మిషనులోకి వస్తుంది. అప్పుడు అమ్మా అని పిలిస్తే పలకడానికి అమ్మ ఉండదు!"

కుట్టు మిషను ముందు కూర్చుని, పళ్ల మధ్య గుండుసూది పెట్టుకునే అమ్మ ఈ మాటలన్నీ అంది. అది శనివారం మధ్యాహ్నం. గాజు పెట్టె నిమ్మకు నీరెత్తినట్టు కిటికీ పక్కన బల్ల మీద కూర్చుని ఉంది.

"అమ్మా, ముందు ఆ సూది తీసి, తర్వాత భయపడు," అంది బుడగ.

"మీ అమ్మ భయాలకు ఎవరైనా జీతమిస్తే, మనం ఈపాటికి మేడ కట్టేవాళ్లం," అన్నాడు నాన్న. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన ఎక్కిన ప్రతి లిఫ్టూ అమ్మ లెక్కలో ఒకసారి తెగిపడినట్టే.

బుడగ అసలు పేరు అది కాదు. అలిగితే బుగ్గలు ఉబ్బుతాయని అక్క పెట్టిన పేరు. ఇప్పుడు ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. కానీ అక్క పిలిస్తే ఆ పేరు చివర ఒక నవ్వు ఉండేది. ఇంకెవరు పిలిచినా ఆ నవ్వు ఉండదు.

అక్క పదో తరగతి అయ్యాక దూరపు ఊరి కాలేజీలో చేరింది. హాస్టల్లో ఉంటోంది.

బుడగ మగ్గు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. పెట్టెలో ఉన్నవి సముద్రపు నీళ్లు. అలాగని సముద్రం నుంచి తెచ్చినవి కావు. చేపల షాపు ఆంటీ ఇచ్చిన ప్రత్యేకమైన ఉప్పును మంచినీళ్లలో కలిపి ఇంట్లోనే చేసినవి. అడుగున తెల్లటి ఇసుక, మధ్యలో చిల్లులు చిల్లులుగా ఉన్న రాళ్లు, ఒక మూల నీళ్లను కదిపే చిన్న మోటారు. చేపలు మాత్రం లేవు. ఉసిరికాయంత నత్త ఒకటి ఉంది. అది అక్క నత్త.

పెట్టెను మామయ్య ఇచ్చాడు. నింపింది అక్కాచెల్లెళ్లిద్దరూ. "తొందరపడేవాళ్లకు సముద్రం కుదరదమ్మా," అంది షాపు ఆంటీ. రాళ్లలో కంటికి కనిపించని జీవులు పెరగాలట. అవే నీళ్లను శుభ్రంగా ఉంచుతాయట. అందుకని ఇద్దరూ కళ్లల్లో వత్తులు వేసుకుని, ఏమీ లేని నీళ్లను రోజుల తరబడి చూశారు. చివరికి ఆంటీ "ఇప్పుడొక ప్రాణిని తీసుకెళ్లండి" అన్నప్పుడు, అక్క నత్తను చూపించింది.

"నత్తా? ఛీ!" అంది బుడగ.

"చూడవే, దీనికి తలుపుంది! భయమేస్తే లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. మన అమ్మకు కూడా ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండేదో."

"మరి చేప?"

"చేపను నేను సెలవులకు వచ్చాక తెద్దాం. మొదటి చేపను ఇద్దరం కలిసే తేవాలి. ఒట్టు?"

"ఒట్టు."

హాస్టల్‌కు వెళ్లేరోజు అక్క మార్కరుతో గాజు మీద నల్ల గీత గీసింది. "నీళ్లు ఆవిరై తగ్గిపోతుంటాయి. ఈ గీత దిగకుండా పోస్తూ ఉండు, బుడగా. నా నత్త జాగ్రత్త."

బుడగ ఆ మాట తప్పలేదు. నీలం మూత బకెట్టులో ఇద్దరూ కలిపిన ఉప్పునీళ్లు మిగిలి ఉన్నాయి. మోచేతి దాకా చెయ్యి ముంచి, శ్రుతి లేని పాట పాడుతూ అక్క కలిపిన నీళ్లు. బుడగ రోజూ అందులోంచే మగ్గుతో తీసి గీత దాకా పోసేది. ఆ బకెట్టు అయిపోయాక అదే కొలతతో మళ్లీ కలిపింది. కలుపుతూ, రాకపోయినా, అదే పాట పాడింది.

స్కూల్లో మాత్రం చెప్పుకోడానికి ఏమీ లేదు. "ఇంకా చేపలు రాలేదా?" అని అడిగింది పక్క బెంచీ అమ్మాయి. ఆ అమ్మాయిని క్లాసంతా 'రేడియో' అంటారు. "అయితే నువ్వు నీళ్లు పెంచుతున్నావన్నమాట! మా బాత్రూములో కూడా ఒక బకెట్టెడు పెంచుతున్నాం. చాలా ముద్దుగా ఉంటాయి!"

క్లాసంతా నవ్వింది. బుడగ బుగ్గలు ఉబ్బాయి. ఇలాంటివన్నీ ఇదివరకైతే ఇంటికెళ్లి అక్కకు చెప్పేది. అక్క వెంటనే దానికి ఎదురు జవాబొకటి తయారుచేసి ఇచ్చేది.

కానీ ఇప్పుడు అక్క బుడగతో మాట్లాడటం లేదు.

తప్పు మొదటి సాయంత్రమే జరిగింది. హాస్టల్లో సాయంత్రం ఒక గంట ఫోన్లు ఇస్తారు. అక్క ఫోన్ చేసి, "బుడగా, గది ఎలా ఉందే?" అని అడిగింది.  నిజం చెబితే బుడగకు ఏడుపొస్తుంది. అందుకని గట్టిగా, "హాయిగా ఉంది! మంచమంతా నాదే. నువ్వు రాకపోయినా పర్లేదు," అంది.

 "సరే, అమ్మకివ్వు," అంది అక్క.

అంతే. ఆ రోజు నుంచి అక్క ఫోన్ చేస్తే అమ్మతో మాట్లాడేది, నాన్నతో మాట్లాడేది. బుడగకు ఇవ్వబోతే "టైమైపోయింది" అనేది.

బుడగ ఊరుకుంటుందా? అమ్మ ఫోన్లోంచి వాయిస్ మెసేజ్‌లు పెట్టింది.

"ఏంటి మేడమ్ గారూ! హాస్టలుకెళ్లగానే కొమ్ములొచ్చాయా?"

జవాబు లేదు.

"నీ నీలం దుప్పటి నేనే కప్పుకుంటున్నా. ఏం చేస్తావో చెయ్యి!"

జవాబు లేదు.

"నువ్విలాగే ఉంటే నీ నత్తను రేడియోకి ఇచ్చేస్తా!"

అక్క అన్నీ విన్నట్టు ఫోన్లో తెలుస్తూనే ఉంది. అయినా జవాబు మాత్రం లేదు. రోజూ పెట్టెలో ఒక మగ్గు, రోజూ సాయంత్రం ఫోన్లో ఒక మాట. రెండూ బుడగ ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ శనివారం బుడగ మగ్గు ఎత్తి పోయబోతూ ఆగిపోయింది. ఎప్పుడూ గాజుకు అతుక్కుని తిరిగే నత్త, ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. తలుపు బిగించి ఉంది.

"అమ్మా! నత్త పడిపోయింది!"

"చెప్పానా! పగిలిందా?" అమ్మ ఒక్క గెంతులో వచ్చింది. ముందు ప్లగ్గు తీసేసింది. తర్వాత నత్తను చూసింది. ఆ తర్వాత పెట్టె అంచున తెల్లగా పేరుకున్న పొరను వేలితో గీకింది. "ఇదేంటే, ఇంత ఉప్పు? నువ్వు రోజూ ఏ నీళ్లు పోస్తున్నావు?"

"ఉప్పునీళ్లే. సముద్రం కదా!"

అమ్మ ముఖం చూడాలి. లిఫ్టు, మిషను, కరెంటు అన్నీ కలిసి ఒకేసారి ప్రమాదంలో పడ్డట్టుంది. "అయ్యో నా తల్లీ! పొయ్యి మీద కూర ఇగిరిపోతే నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోతుందా? ఇగిరినప్పుడల్లా మళ్లీ ఉప్పునీళ్లే పోస్తే ఆ కూర నోట్లో పెట్టగలమా? పాపం, నోరులేని జీవి. దీనికి బీపీ వచ్చేసి ఉంటుంది!"

నాన్న నవ్వబోయి, బుడగ ముఖం చూసి మానేశాడు. ఉప్పు కొలిచే ప్లాస్టిక్ డబ్బా తెచ్చి పెట్టెలోని నీళ్లు నింపాడు. డబ్బాలో ఒక ముల్లు ఉంటుంది. అది ఆకుపచ్చ రంగులో నిలబడాలి. అక్క ఉన్నప్పుడు అక్కడే నిలబడింది. ఇప్పుడు ఆకుపచ్చను దాటి, ఎరుపును కూడా దాటి, పైకెళ్లి ఆగింది. అక్క వెళ్లాక బుడగ ఒక్కసారి కూడా కొలిచి చూడలేదు. గీతను మాత్రమే చూసింది.

బుడగ షాపు ఆంటీకి ఫోన్ చేసింది.

"ఆంటీ, నత్త చచ్చిపోయిందా?"

"కంగారుపడకు. దాని తలుపును వేలితో మెల్లగా తాకు. వదులుగా ఉంటే పోయినట్టు. ఇంకా బిగిస్తే బతికే ఉంది."

బుడగ చెయ్యి నీళ్లలో పెట్టి తాకింది. తలుపు ఇంకాస్త లోపలికి బిగుసుకుంది.

"బిగించింది ఆంటీ!"

"మంచిది. ఇక దాన్ని తట్టకు. మాటిమాటికీ తట్టావంటే ఇంకా బిగించుకుంటుంది. ముందు అది ఉన్న నీళ్లు బాగుచెయ్యి. రోజూ కొంచెం ఉప్పునీళ్లు తీసేసి, అంతే ఉత్త ఫిల్టరు నీళ్లు పోస్తూ రా. ఒక్కసారే మార్చేస్తే తట్టుకోలేదు. ముల్లు ఆకుపచ్చలోకి వచ్చాక, తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్లే. తెలిసిందా?"

"మరి తలుపు ఎప్పుడు తీస్తుంది?"

"అది దాని ఇష్టం."

అమ్మ వెంటనే ప్లగ్గు మళ్లీ పెట్టింది. పెట్టేముందు చెయ్యి కొంగుకు ఎన్నిసార్లు తుడుచుకుందో. ఆ పూట బుడగ ఒక గ్లాసు తీసి ఒక గ్లాసు పోసింది. అది ఉత్త నీళ్లు. రంగులేదు, రుచిలేదు, అందులో అక్క చెయ్యి లేదు. అయినా గ్లాసును రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా పోసింది.

సాయంత్రమైంది. ఫోన్లు ఇచ్చే గంట వచ్చింది. బుడగ అమ్మ ఫోన్ తీసుకుని గదిలో అక్క మంచం మీద కూర్చుంది. మైకు గుర్తు నొక్కి, "నీవల్లే నత్త..." అని మొదలుపెట్టింది.

ఆగింది. కిటికీ పక్కన పెట్టె కనిపిస్తోంది. తెల్ల పొర అంచునంతా ఉంది.

ఆ మెసేజ్ చెరిపేసింది. మైకు మళ్లీ నొక్కింది. ఈసారి గొంతు చిన్నగా వచ్చింది.

"అక్కా, నీ నత్త తలుపేసుకుంది. తప్పు నాదే. ఉప్పు మీద ఉప్పు పోశాను. ఇప్పుడు ఉత్త నీళ్లు పోస్తున్నాను. దాన్ని ఎవరికీ ఇవ్వను. ఇంకోటి. గది హాయిగా ఉందని చెప్పాను కదా, అది అబద్ధం. నువ్వు లేకుండా హాయిగా లేదు."

అక్క వింది. జవాబు రాలేదు.

బుగ్గలు ఉబ్బబోయాయి. బుడగ వాటిని రెండు చేతులతో నొక్కుకుంది.

మర్నాడు ఒక గ్లాసు తీసింది, ఒక గ్లాసు పోసింది. సాయంత్రం, "అక్కా, ముల్లు కొంచెం దిగింది," అని మాత్రం చెప్పింది. ఆ తర్వాతి రోజు, "రేడియో జడలో పెన్సిలు ఇరుక్కుంది. నువ్వుంటే నవ్వేదానివి," అంది. ఇంకో రోజు, "అమ్మ నత్తకు దిష్టి తగిలిందంటోంది," అంది. ఎందుకు మాట్లాడవని అడగలేదు. మేడమ్ గారూ అనలేదు. ఒక్కోసారి నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేది.

"ఉప్పు తిన్నవాళ్లు నీళ్లు తాగాల్సిందే కదే, బుడగా," అని నాన్న ఒకరోజు తల నిమిరాడు.

"తాగుతున్నా, నాన్నా," అంది బుడగ.

ముల్లు ఆకుపచ్చలోకి వచ్చింది. నత్త మాత్రం ఇసుక మీదే ఉంది. స్కూలు నుంచి రాగానే బుడగ బ్యాగు కూడా దించకుండా అక్కడికే వెళ్లేది. తట్టాలని వేలు దురద పెట్టేది. తట్టలేదు.

ఒక సాయంత్రం అమ్మ మిషను మీద యూనిఫారాలు కుడుతోంది. బుడగ గీత దాకా ఉత్త నీళ్లు పోసి, గ్లాసు దించి చూసింది. నత్త ఇసుక మీద లేదు. గాజు అంచున, నల్ల గీతకు కాస్త కింద అతుక్కుని ఉంది. తలుపు తీసే ఉంది. రెండు సన్నటి మీసాలు బయటపెట్టి, పాచిని నాకుతోంది.

బుడగ అరవలేదు. అరిస్తే మళ్లీ తలుపేసుకుంటుందేమోనని ఊపిరి బిగబట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"ఇవాళ ఇంత త్వరగా ఫోనా? జ్వరమో ఏమో! మెట్ల మీద జారిందో ఏమో!" అంటూ అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని ఫోనెత్తింది. విన్నది. ముఖంలోంచి జ్వరం, మెట్లు అన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి. ఫోన్ బుడగ వైపు చాపింది. "నీకేనటే."

బుడగ ఫోన్ చెవికి ఆనించింది.

"అక్కా."

 అటువైపు దూరంగా ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు. ఎవరో అమ్మాయిల నవ్వులు. వాటికి దగ్గరగా, చాలా దగ్గరగా, ఒక ఊపిరి.

చెప్పాల్సినవి బోలెడు ఉన్నాయి. అడగాల్సినవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. బుడగ ఏదీ అనలేదు. గాజు మీద నత్త మెల్లగా పైకి పాకుతోంది. దాన్నే చూస్తూ నిలబడింది.

నత్త గీతను చేరింది.

"ఇక్కడ నాకూ హాయిగా లేదే, బుడగా," అంది అక్క.